పారశీక కంకణానికి జత

భద్రాచారి గారు ఇక లేరని గత గురువారం మధ్యాహ్నం వారి అమ్మాయి సుధ గారు ఫోన్ చేసినప్పుడు, "శనివారం వస్తానని చెప్పానే!" అన్నాను. ఎంత తెలివితక్కువ మాట! మృత్యువు నా శనివారం దాకా ఆగుతుందా?

డాలస్ పక్కనున్న కాపెల్‌లో ఒక నగల దుకాణం వెనకగదిలో పన్నెండేళ్లు తెగిన గొలుసులు అతికిన ఆ స్వర్ణశిల్పిని మనవాళ్లలో చాలామంది "రిపేర్ అంకుల్" గానే ఎరుగుదురు. ఆయన హస్తకౌశలం ఎంతటిదో వారాంతాల్లో శిష్యరికం చేసిన నాకు తెలుసు. "కీబోర్డు కొట్టే చేతికి సుత్తి ఇచ్చాను, ఇక బంగారానికి దేవుడే దిక్కు!" అని నవ్వేవారు.

ఒకసారి ఆయన్ని డాలస్‌లో ప్రాచీన పారశీక స్వర్ణాభరణాల ప్రదర్శనకు తీసుకెళ్లాను. ఒక జత కంకణాల దగ్గర ఆయన కదలలేదు. వాటి కొసల్లో సింహముఖం, పొట్టేలు కొమ్ములు, గద్ద రెక్కలు గల వింత మృగాలున్నాయి.

"మన గుడి స్తంభాల మీది యాళికి పెదనాన్న కొడుకురా ఇది!" అన్నారు. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "కుడిది గురువు చేశాడు. ఎడమది శిష్యుడు" అని తేల్చారు.

"ఎలా తెలిసిందండీ?"

"కొమ్ము చూడు. గురువు చాలనుకున్న చోట చెయ్యి ఆపాడు. శిష్యుడికి భయం. ఇంకో నాలుగు గీతలు గీశాడు."

తర్వాత అదే మృగంతో వెండి కంకణం ఒకటి చేసి నా చేతిలో పెట్టారు. "దీనికి జత నువ్వు చెయ్యి. రెండూ నా ముందు పెట్టిన రోజు నాది ఏదో నేను పోల్చలేకపోతే నీకు పని వచ్చినట్టు."

చేశాను. పూర్తయింది కూడా. అయినా ఇంకో వారం, ఇంకో వారం అంటూ దిద్దుతూ నాలుగు నెలలు గడిపేశాను. నా మీద నాకే కోపంగా ఉంది.

ఆయన పోయిన మూడోరోజున రెండింటినీ ఆయన పటం ముందు పెట్టాను. సుధ గారు కళ్లు తుడుచుకుని, "ఇందులో నాన్నగారిది ఏదండీ? నేను ఉంచుకుంటాను. నాకు రెండూ సేమ్‌గానే ఉన్నాయి" అన్నారు. నాదాన్ని చూపించి ఆయనదంటే నమ్మేసేవారు. ఒక్క క్షణం ఆశపడ్డాను, ఒప్పుకుంటున్నాను. గురుహస్తం తాకిన వస్తువును వదులుకోవడం అంత సులభం కాదు. కానీ నాదాని కొమ్ము మీద ఎక్కువైన ఆ గీతలు చూశాక అబద్ధమాడలేకపోయాను. ఆయనది ఆమెకిచ్చి, నాది ఇంటికి తెచ్చుకున్నాను.

చూసినవాళ్లందరూ బ్రహ్మాండమంటున్నారు. గురువుగారూ, సాష్టాంగ నమస్కారం. దీన్ని చూసి తిట్టగలిగినవారు మీరొక్కరే. ఆ తిట్టు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.