ముప్పయ్యో పేజీ దాకా

మా ప్రచురణ సంస్థలో ఆవిడకి మేం పెట్టుకున్న పేరు ‘ముప్పై పేజీలావిడ’. ఎదురుగా మాత్రం అందరం అక్కయ్యగారనే పిలిచేవాళ్లం. నవల అచ్చువేయమని ఎవరు పంపినా, పేరూ చిరునామా ఉన్న పై కాగితం తీసి నా సొరుగులో పెట్టుకోవడం నా పని. మొదటి ముప్పై పేజీలు ఆవిడ బల్ల మీదికి వెళ్తాయి. మిగతా కట్ట యజమాని గదిలో బీరువాలోకి వెళ్తుంది. రాసిందెవరో చదివేవాళ్లకి తెలియకూడదు, మొహమాటం అడ్డు రాకూడదు అని ఇరవై రెండేళ్ల కిందట ఆవిడే ఈ ఏర్పాటు చేయించింది. మొహమాటం ఆవిడ దరిదాపుల్లోకి కూడా రాదన్న సంగతి పాపం యజమానికి అప్పటికి తెలియదు.

చదివాక ఒక ఫారం నింపాలి. అందులో మూడు గళ్లు. పాత్రలు, దృష్టికోణం, స్థలకాలాలు. అడుగున ఒక ప్రశ్న: మిగతాది తెప్పించాలా? వందలో తొంభై ఆరింటికి ఆవిడ ‘అక్కర్లేదు’ అనే రాసేది. రాసేముందు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేది. అది చూడగానే నేను తిరుగు ఉత్తరానికి టైపు మిషన్‌లో కాగితం ఎక్కించేదాన్ని.

ఆవిడ తెలివికి వంక పెట్టను. ఒకాయన నవలలో మొదటి పేజీలో వాన, రెండో పేజీలో వాన, మూడో పేజీలో కథానాయకుడు లేచి తలుపు తీసి వాన చూస్తాడు. ‘స్థలం: తడి. కాలం: వృథా’ అని రాసింది. ఇంకొక నవలలో కథ చెప్పేది పదేళ్ల పిల్ల. పక్కగదిలో పెద్దవాళ్లు మనసులో అనుకునేవన్నీ ఆ పిల్లకి తెలిసిపోతుంటాయి. ‘ఈ అమ్మాయిని పోలీసుల్లో చేర్పించండి’ అని రాసింది. పదకొండేళ్లపాటు ఆ ఫారాలు టైపు చేసి నేను నేర్చుకున్నంత ఏ కాలేజీలోనూ నేర్చుకుని ఉండను. ఒక్కోసారి ఒళ్లు మండేది కూడా. ఎవరో ఏళ్ల తరబడి కూర్చుని రాసినదాన్ని ఆవిడ టీ చల్లారేలోపు తేల్చేసేది.

చిక్కేమిటంటే, మనుషుల్ని కూడా ఆవిడ ముప్పై పేజీలే చదివేది. కొత్తగా చేరిన ఎకౌంటెంటు కుర్చీ లాక్కుని కూర్చోకముందే ‘ఇతను మూడు నెలల్లో మానేస్తాడు’ అంది. అతను చేరి ఇప్పటికి తొమ్మిదేళ్లు. ఇప్పటికీ అతనెప్పుడైనా సెలవు పెడితే, ‘చెప్పానా?’ అన్నట్టు నా వైపు చూసేది.

ఇంట్లో బావగారు ఉన్నారు. ఆవిడని అక్కయ్యగారు అన్నాక ఆయన బావగారే కదా. బస్సుల ఆఫీసులో టైంటేబుళ్లు తయారుచేసి ఈమధ్యే రిటైరయిన మనిషి. నోట్లో నాలుక లేదు. సాయంత్రం ఆవిడ ఇంటికి చేరేసరికి వంటగదిలో కూర్చుని కూరగాయలు తరుగుతుంటారు. ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆ రోజు చదివిన పేజీలూ, వాటి మీద తను రాసినవీ వరసపెట్టి వినిపిస్తుంది, నవ్వుతుంది. ఆయన ‘ఊఁ’ అంటారు. నేను వాళ్లింటికి చాలాసార్లు వెళ్లాను. ఆ ‘ఊఁ’లో కనీసం నాలుగైదు రకాలు ఉన్నాయని నాకనిపించేది. ఆవిడకి ఒక్కటే వినిపించేది.

“మీ బావగారు పదో పేజీకే మొత్తం తెలిసిపోయే రకం, అమ్మాయ్” అనేది. “ఆయనలో తిప్పడానికి ఇంకో పేజీ లేదు.”

కిందటేడు ఒక మంగళవారం ఆవిడ బల్ల మీద ముప్పై పేజీలు ఉన్నాయి. ఆ వారం మొదట్లో నేను సెలవులో ఉంటే, పై కాగితం తీసి నా సొరుగులో పెట్టింది ఎకౌంటెంటు. కథలో ఒక గడియారాలు బాగుచేసే ఆయన ఉంటాడు. ఆయన భార్య టీచరు. పరీక్ష పేపర్లు ఇంటికి తెచ్చుకుని, పిల్లలు రాసిన తప్పులు పైకి చదివి నవ్వుతుంటుంది. ఆయన వింటూ వంట చేస్తుంటాడు. రోజూ తెల్లవారాక ఆవిడ స్నానానికి వెళ్లిన పావుగంటలో ఒక పాత పుస్తకంలో కథ రాసుకుంటాడు, నీళ్ల చప్పుడు ఆగగానే దాచేస్తాడు. ఏడేళ్లు అలా సాగుతుంది. ముప్పై పేజీల్లో జరిగేది ఇంతే.

అక్కయ్యగారు ఆ రోజు కళ్లజోడు చాలా సేపు తీయలేదు. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. తీరా నాలుగింటికి తీసి పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున హుషారుగా వచ్చింది.

“నిన్న మీ బావగారు నోరు విప్పారు తెలుసా” అంది. “ఆ గడియారాలాయన నవల గురించి చెప్తుంటే, ‘భార్య పాత్ర అంత బాగాలేదా?’ అని అడిగారు. ముప్పై మూడేళ్ల కాపురంలో ఒక నవల గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న. రిటైరయ్యాక కాస్త సాహిత్యం ఒంటబడుతున్నట్టుంది.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? రాసిందే చెప్పాను. చిక్కుడుకాయలు తరుగుతూ తరుగుతూ వేలు కోసుకున్నారు. ఆ మాత్రం పని కూడా రాదు ఆ మనిషికి.”

తర్వాత ఫారం నా చేతికి వచ్చింది. దాన్ని టైపు చేశాను కాబట్టి ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది.

‘పాత్రలు: భర్త బాగానే ఉన్నాడు, ఇలాంటివాళ్లు ఎక్కడైనా ఉంటారు. భార్య నమ్మేలా లేదు. ఒకే ఇంట్లో ఉన్న మనిషి ఏడేళ్లు రాస్తుంటే కనిపెట్టలేని ఆడది ఉండదు. దృష్టికోణం: అంతా భర్త వైపు నుంచే. భార్య అంటే జాలి తప్ప కోపం లేకపోవడం వింతగా ఉంది. రచయిత బ్రహ్మచారి అయి ఉండాలి. స్థలకాలాలు: వంటగది కుదిరింది. అంట్ల తొట్టి మీద పగిలిన కిటికీ అద్దం, దానికి అంటించిన పాత కేలెండరు కాగితం, స్టూలు కాలి కింద మడిచిపెట్టిన బస్సు టికెట్టు. కళ్లతో చూసినవాడే ఇలా రాయగలడు. మిగతాది తెప్పించాలా: అక్కర్లేదు.’

బస్సు టికెట్టు దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. ఆ స్టూలు మీద నేను కూర్చున్నాను. ఒకసారి టికెట్టు జారిపోతే, బావగారు వంగి మళ్లీ మడిచి పెట్టారు. ఆ కేలెండరు కాగితం మీద అక్టోబరు నెల ఉంటుంది. అక్కయ్యగారు ఎప్పుడూ ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చుంటుంది. గిన్నెలు కడిగేది ఆయన.

సొరుగు లాగి పై కాగితం తీశాను. బావగారి పేరే. మారు పేరు కూడా పెట్టుకోలేదు. ఇంటి నెంబరుతో సహా రాశారు.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ మనిషి అరవై దాటాక పూర్తిచేసిన ఒకే ఒక పుస్తకం అది. దాన్ని ఎవరు చదవాలని రాశారో వాళ్లకే చేరేలా పంపారు. ఆవిడ ఆయన ముందే కూర్చుని నవ్వుతూ కొట్టిపారేసింది. ఇక తిరుగు ఉత్తరం టైపు చేసి, అదే ఇంటికి పోస్టు చేయడం నా వంతు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, ఆయన మీద ఇంకా కోపం వచ్చింది. రాసినదాన్ని నేరుగా భార్య చేతికి ఇవ్వలేని మగవాడికి ప్రచురణ ఎందుకు?

పన్నెండు దాకా తటపటాయిస్తూ గడిపాను. తర్వాత లేచి వెళ్లి పై కాగితం ఆవిడ ముందు పెట్టాను. రాసినవాళ్ల పేరు ఆవిడకి చూపించడం మా ఆఫీసులో అదే మొదటిసారి.

“ఇదేమిటి, నాకు చూపించకూడదు కదా” అని కసిరింది. అప్పటికే చదివేసింది.

కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివింది.

“ఇది మా ఇంటి నెంబరు.”

“అవునక్కయ్యగారూ.”

“బీరువా తాళం?”

“యజమానిగారి దగ్గరుంది. ఆయన సోమవారంగానీ రారు.”

“ముప్పై ఒకటో పేజీ నుంచి కావాలి నాకు” అంది. ఆ మాట ఆవిడ నోట వినడం నాకు కొత్త.

“ఈ ఫారం చించేయనా? వేరేది రాసివ్వండి, నేనెవరితోనూ అనను.”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. సంతకం పెట్టిన ఫారం మార్చకూడదన్నది కూడా ఆవిడ పెట్టిన నియమమే. సంచీ తగిలించుకుని మిట్టమధ్యాహ్నం ఇంటికి వెళ్లిపోయింది. అలా వెళ్లడం పదకొండేళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు వేళకే వచ్చి కూర్చుంది. టీ తాగాక తనే చెప్పింది.

వెళ్లేసరికి బావగారు వంటగదిలో వేలికి కట్టు మార్చుకుంటున్నారట. ఈవిడ ఎప్పటి కుర్చీలో కాకుండా, కిటికీ కనిపించేలా కూర్చుందట.

“నాకెందుకు ఇవ్వలేదండీ?” అని అడిగింది.

“నేనిస్తే మొగుడు రాసిందని చదువుతావు” అన్నారాయన. “నువ్వు ఎవరో తెలియనివాళ్లవి చదివేటప్పుడు చాలా శ్రద్ధగా చదువుతావు.”

“మిగతాది మీ దగ్గరుందా?”

“ఉన్నది ఒకటే ప్రతి. మీ ఆఫీసులోనే ఉంది. అక్కర్లేదని రాశానన్నావుగా.”

“నోటితో చెప్పండి. ముప్పై ఒకటో పేజీలో ఏమవుతుంది?”

ఆయన కట్టు ముడి వేసుకునేదాకా ఆగి చెప్పారట.

“ఆవిడకి మొదటినుంచీ తెలుసని బయటపడుతుంది. రోజూ ఆయనకి పావుగంట దొరకాలని, స్నానం అయిపోయినా కుళాయి కట్టకుండా లోపలే నిలబడుతుంది. తనకి తెలిసిపోయిందంటే ఆయన సిగ్గుపడి మానేస్తాడని, ఏడేళ్లూ తెలియనట్టే ఉంటుంది. అక్కణ్నుంచి పుస్తకం అంతా ఆవిడదే.”

అక్కయ్యగారు ఖాళీ కప్పుని సాసరులో అటూ ఇటూ తిప్పుతోంది.

“‘నువ్వు రోజూ స్నానం అంతసేపు అందుకే చేస్తున్నావనుకున్నాను’ అన్నారు. ఈ ఏడేళ్లూ ఆయన నా గురించి అలా అనుకుంటున్నారు, అమ్మాయ్.”

“మరి మీరు తెలుసనే చెప్పారు కదా?” అన్నాను. నేనైతే అబద్ధం చెప్పేసేదాన్ని. ఎవరైనా చెప్పేస్తారు.

“నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూస్తూ అనలేకపోయాను. నాకు తెలియదండీ, నిజంగా తెలియదు అన్నాను.”

“బావగారేమన్నారు?”

ఆవిడ కప్పు తిప్పడం ఆపింది.

“కాసేపు కిటికీ వైపు చూశారు. తర్వాత, ‘అయితే నువ్వు రాసింది నిజమే. ఆ పాత్ర నమ్మేలా లేదు’ అన్నారు.”