బండ కాడ దస్తీ

సెలవుల ముందు రోజు ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సు ఎక్కిన వాళ్ళు మా అత్తమ్మను ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. మనిషి గుర్తుండకపోవచ్చు, దస్తీ గుర్తుంటుంది. నీలం గళ్ళది, చిన్న తువ్వాలంత ఉంటుంది. బస్సు ఇంకా ఆగకముందే అది కిటికీలోంచి ఎగిరి లోపల ఒక ఖాళీ సీట్లో పడుతుంది. ఆ తర్వాత అత్తమ్మ తోసుకునే వాళ్ళందరినీ ముందు పోనిచ్చి, తాపీగా ఎక్కి, దస్తీ తీసి ముఖం తుడుచుకుని కూర్చుంటుంది. ఆడవాళ్ళకు టికెట్ తీసేశాక బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండటం లేదు. అయినా ఆ దస్తీని పక్కన పడేసే ధైర్యం ఎవరికైనా ఉండగా నేను చూడలేదు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే దస్తీ. దాన్ని ఆమె ఎక్కడా మరిచిపోయింది లేదు.

మొన్న జనవరి ఇరవై ఆరున ఆ దస్తీ నాతో పాటు బండలెక్కడానికి వచ్చింది.

నలభై మూడేళ్ళ ఆడదానికి బండలెక్కే పని ఏమిటని మా చర్చిలో ఇప్పటికే చాలామంది అడిగారు. తప్పంతా మా పై పోర్షన్‌లో అద్దెకుండే అమ్మాయిది. తాడు కట్టుకుని రాళ్ళెక్కడం దానికి పిచ్చి. ఒక సెలవు రోజు తోడు వచ్చేవాళ్ళు దొరక్క, "అక్కా, కింద నిలబడి జర తాడు పట్టుకుంటవా?" అని అడిగింది. పట్టుకున్నాను. రెండోసారి నేనే ఎక్కాను. మూడోసారికి నాకూ ఆ పిచ్చి అంటుకుంది.

నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో సీసాలు చూస్తాను. అదే నా ఉద్యోగం. తెల్లటి లైటు ముందు సీసా తర్వాత సీసా వస్తుంటుంది, లోపల నల్ల చుక్క ఉందో లేదో చూడాలి. సాయంత్రానికి కళ్ళు మూసుకున్నా సీసాలే కనిపిస్తాయి. బండ మీద ఉన్నంతసేపు మాత్రం నా చెయ్యి, దాని ముందున్న పగులు తప్ప ఇంకేమీ కనిపించదు. ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు. నాకు అది కావాలి, అంతే.

చిక్కేమిటంటే, వారానికి ఆరు రోజులు కంపెనీ, ఆదివారం చర్చి. మిగిలేవి ప్రభుత్వం వారు దయతో ఇచ్చే సెలవులు. ఆ రోజుల్లోనే హైదరాబాదులో ప్రతివాడికీ రాళ్ళు గుర్తొస్తాయి. మామూలు రోజుల్లో గొర్రెల కాపరి కూడా కనిపించని కీసర వైపు గుట్టల్లో సెలవు నాడు ఇసుక వేస్తే రాలదు. దసరా సెలవుల్లో ఆ రద్దీలో తొందరపడి దిగుతూ చీలమండ బెణికించుకున్నాను. మూడు వారాలు మంచం మీద నేను, పొయ్యి దగ్గర అత్తమ్మ.

అప్పటి నుంచి ఇంట్లో నా బండల సంగతి కోర్టుకెక్కింది. మా ఆయన తీర్పు చెప్పే మనిషి కాదు. "అమ్మనడుగు" అని తప్పించుకున్నాడు. అత్తమ్మ రెండు రోజులు ఆలోచించి చెప్పింది.

"నేనొచ్చి నా కండ్లతోని సూస్త. మీదికెక్కినవా, ఇగ నీ ఇష్టం, నేనేమన. ఎక్కకపోతివా, గా దినంతోని బంద్."

నేను సరేనన్నాను. అప్పుడు నేను ఎక్కుతున్నది నాలుగుసార్లు ప్రయత్నించి ఒక్కసారి కూడా పైకి చేరని బండ. అయినా సరేనన్నాను. నా పొగరు అట్లాంటిది.

ఈ ఏడు జెండా పండుగ సోమవారం వచ్చింది. శని, ఆది, సోమ కలిపి మూడు రోజులు. పొద్దున్నే అద్దెకున్న అమ్మాయి, నేను, అత్తమ్మ ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. అత్తమ్మ ఒళ్ళో సర్వపిండి డబ్బా, చేతిలో దస్తీ. సోమవారం కాబట్టి కీసరగుట్ట దేవుడికి వచ్చే కార్లు ఒకవైపు, బండలకు వచ్చే కార్లు ఒకవైపు. ఏ కారు ఎటు పోతుందో కనిపెట్టడం తేలికే. దేవుడి దగ్గరికి పోయే వాళ్ళ ముఖాలు ప్రశాంతంగా ఉన్నాయి.

మా బండ దగ్గరికి చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. నాలుగు నిలువుల ఎత్తుంటుంది, మధ్యలో పైదాకా ఒక పగులు. పడమటి ముఖం కాబట్టి పొద్దున నీడ. పన్నెండు కొట్టేసరికి సూర్యుడు ఇటు తిరుగుతాడు, రాయి వేడెక్కి, చేతులకు చెమట పట్టి జారిపోతాయి. ఇక ఆ రోజుకు అయిపోయినట్టే. నీడ ఉన్నంతసేపే అందరి వంతులూ రావాలి. పైన తాడు కట్టే చోటు ఒకటే. తెల్లవారుజామునే వచ్చిన వాళ్ళు కట్టిన ఆ ఒక్క తాడునే అందరూ వాడుకోవాలి.

కింద వరుసగా బ్యాగులు, బూట్లు, నీళ్ళ సీసాలు, ఒక హెల్మెట్. ఒక్కో వస్తువు ఒక్కో మనిషి వంతు. మా ముందు పదమూడు వస్తువులున్నాయి.

"అక్కా, మన వంతు వచ్చేసరికి ఎండొస్తది గద" అంది అద్దెకున్న అమ్మాయి నీరసంగా.

అత్తమ్మ ఆ వరుసను ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. ఆమె ముఖంలో నాకు ఉప్పల్ చౌరస్తా కనిపించింది. నేరుగా వెళ్ళి, హెల్మెట్ తర్వాత, వరుస చివర్లో దస్తీ పరిచి వచ్చింది. మధ్యలో దూర్చలేదు. దస్తీకి కూడా ఒక నీతి ఉంది, ఖాళీ సీట్లోనే వేయాలి.

మా వెనకాల మల్కాజిగిరి నుంచి ఒక్కతే వచ్చిన అమ్మాయి తన నీళ్ళ సీసా పెట్టింది. మొదటిసారి వచ్చిందట. అద్దెకు తెచ్చుకున్న బూట్లు పొద్దున్నే వేసుకుని, విప్పకుండా, ఆ బిగుతుకు కుంటుకుంటూ తిరుగుతోంది.

కాసేపటికి చెంప మీద జెండా బొమ్మ వేసుకున్న ఒక కుర్రాడు తాడు విప్పుకుని వచ్చాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా తెల్ల పొడి. పట్టు జారకుండా పూసుకునే పొడి అది. మనం రొట్టె పిండి కూడా అంత పూసుకోం. కింద గుడ్డ కనిపించింది, తీసి సుబ్బరంగా చేతులు తుడుచుకున్నాడు.

"ఓ బిడ్డా," అంది అత్తమ్మ, "అది దస్తీ గాదు. మా కోడలు."

అతను దస్తీ వంక చూశాడు, నా వంక చూశాడు. "సారీ ఆంటీ" అన్నాడు నాతో. దులిపి, నాలుగు మూలలూ సర్ది, ఎక్కడిది అక్కడ పరిచాడు. దాని మీద తెల్లటి వేళ్ళు పడ్డాయి.

తర్వాత గంటన్నరలో వరుస నాలుగు వస్తువులు కూడా కదలలేదు. ఎక్కేవాళ్ళు తక్కువ, పడేవాళ్ళు ఎక్కువ. పడితే పడ్డారు, తాడు పట్టుకుంటుంది. కానీ పడ్డ ప్రతివాడూ గాలిలో వేలాడుతూ, తను ఎందుకు పడ్డాడో కింద ఉన్న వాళ్ళకు వివరంగా చెబుతాడు. కింద ఉన్న వాళ్ళు ఊరుకుంటారా? "కుడి కాలు ఇంకా పైకి!" "అది కాదు, ఎడమ!" అని తలా ఒక మాట. పెళ్ళి ఫొటోలకు వచ్చిన ఒక జంట, పైకెక్కే ఉద్దేశం లేకుండానే, తాడు పట్టుకుని నిలబడి పావుగంట నవ్వింది. ఒకాయన డ్రోన్ ఎగరేశాడు. అది ఎక్కింది పైకి, ఆయన ఎక్కలేదు.

అత్తమ్మ అద్దెకున్న అమ్మాయిని పిలిచింది. "వీళ్ళు ఎన్నిసార్లు పడుతరు?"

"ఎక్కేదాంక, అమ్మమ్మా."

"అట్లయితే బస్సు ఎప్పుడు కదుల్తది?"

తర్వాత నా వైపు తిరిగి, "మీద ఏమున్నది?" అని అడిగింది.

"ఏం లేదత్తమ్మా. ఇంకో బండ."

ఆమె సర్వపిండి డబ్బా పట్టుకుని వెళ్ళి, తాడు దగ్గర ఒక రాయి మీద కూర్చుంది. ఒక గడ్డపాయన ఎక్కడం మొదలుపెట్టాడు. పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. మూడోసారి పడి, కారణం చెప్పడానికి నోరు తెరిచాడో లేదో, అత్తమ్మ మూడు వేళ్ళు చూపించింది.

"మూడైనయ్ బిడ్డా. దిగు. మందికి గూడ సెలవే."

"ఆంటీ, నేను ఆరు నెలల నుంచి ట్రై చేస్తున్నా..."

"ఆర్నెల్లు ఆగినోనివి, ఇంకో దినం ఆగలేవా? దిగు. సర్వపిండి తిను."

దిగాడు, తిన్నాడు. సర్వపిండి బాగుందని ఆయనే అందరికీ చెప్పాడు. ఆ తర్వాత ఎదురు చెప్పినవాళ్ళు లేరు. మూడుసార్లు పడాలి, దిగాలి, ముక్క తీసుకోవాలి. పడ్డవాళ్ళు ఉపన్యాసాలు మానేశారు. నీళ్ళ సీసాలు, బూట్లు చకచకా వరుసలోంచి మాయమయ్యాయి. మధ్యలో ఒకాయన తన వంతు ఇచ్చి వెళ్ళిపోతే, అద్దెకున్న అమ్మాయి ఒకేసారి పైకి వెళ్ళి గంతేసింది. హెల్మెట్ ఆసామి కూడా రెండోసారికి ఎక్కేశాడు. నాకు మా అత్తమ్మను చూసి పట్టరానంత గర్వం కలిగింది.

దస్తీ వంతు వచ్చేసరికి నీడ సన్నబడింది. బండ అడుగున రెండు చాపలు పరిచేంత చోటే మిగిలింది. జనమంతా అందులో సర్దుకుని నిలబడ్డారు.

తాడు కట్టుకున్నాను. మొదటిసారి నడుమెత్తులోనే కాలు జారింది. నవ్వుకున్నాను. రెండోసారి సగం పైకి వెళ్ళాక, బెణికిన చీలమండ గుర్తొచ్చి నేనే వదిలేశాను. ఆ మాట ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. మూడోసారి మాత్రం నిజంగా ఎక్కాను. పగుల్లో చెయ్యి దూర్చి, పిడికిలి బిగించి, బరువు వేసి, మళ్ళీ చెయ్యి. పై అంచు నా కళ్ళ ముందుకు వచ్చింది. కుడి చెయ్యి ఎత్తాను. వేళ్ళ కొసలకు అంచు తగిలింది, గరుకుగా, చల్లగా. అంతే, పడ్డాను.

"అయ్యో!" అన్నారందరూ. గడ్డపాయన అరిచాడు. "ఆంటీ, ఇంకొక్కసారి! వచ్చేసింది మీకు!" జెండా చెంప కుర్రాడు కూడా అదే మాట. అందరూ ఒప్పుకున్నట్టే. నేను వేలాడుతూ అత్తమ్మ వంక చూశాను.

ఆమె మూడు వేళ్ళు ఎత్తి ఉంది.

"అత్తమ్మా, జరంత తక్కువైంది."

"సూసిన. దిగు."

దిగాను. ఒళ్ళంతా కోపం. బయటివాళ్ళకు పెట్టిన కొలత సొంత కోడలికి కూడా పెట్టాలా? ముక్క చేతికిస్తే వద్దన్నాను. పక్కకు వెళ్ళి బూట్లు విప్పుతుంటే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. బండ పోయింది, ఒప్పందం పోయింది, రేపటి నుంచి సీసాలే.

మల్కాజిగిరి అమ్మాయి తాడు కట్టుకుంది. ఆమె ఎక్కుతుంటే బండ అడుగున ఒక్క చాపంత నీడ ఉంది. ఒకసారి పడింది. రెండోసారి, ఎవరేం చెప్పినా వినకుండా పోయి పోయి పైన కూర్చుంది. కూర్చుని భోరుమని ఏడ్చింది. ఆమె దిగుతుండగానే రాయి మీద ఎండ పడింది. అత్తమ్మ చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. అందరికంటే ఆలస్యంగా నేనూ కొట్టాను. ఇంకొక్కసారి అని నేను మొండికేసి ఉంటే, ఆ పిల్ల పొద్దున్నుంచి కుంటిన కుంటుడంతా ఎండపాలయ్యేది. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు.

ఇంటికి వస్తూ ఆటో మల్లాపూర్ దాటాక నేనే అన్నాను. "సరే అత్తమ్మా. మాటంటే మాట. ఇయ్యాలటితోని బంద్."

ఆమె బయటికి చూస్తూ కూర్చుంది. దుమ్ము, ఎండ. ముఖానికి చెమట పడితే కొంగుతో తుడుచుకుంది. అప్పుడు చూశాను, ఒళ్ళో ఖాళీ డబ్బా ఉంది, చేతిలో దస్తీ లేదు. ఇన్నేళ్ళలో ఆ దస్తీ లేకుండా ఆమె ఇంటికి రావడం నేనెరుగను. నా కోపం ఎటు పోయిందో.

"అత్తమ్మా, దస్తీ మరిచిపోయొచ్చినం! ఆటో ఆపమంటనా?"

"మర్సిపోలే."

"మరేదీ?"

"బండ కాడ్నే ఉన్నది. కింద పగుల్ల కుక్కొచ్చిన, గాలికి పోకుంట."

అద్దెకున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది.

"మరి బంద్ అన్నరు గద?" అన్నాను.

అత్తమ్మ మళ్ళీ కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు లోకజ్ఞానం ఎప్పటికి వస్తుందోనన్నట్టు చూసింది.

"దస్తీ ఏసినంక ఎవలన్న సీటు ఇడ్సిపెడ్తరా?" అంది. "మల్ల సెలవు ఎన్నడో సూడు."