మీటరుకు దొరకని షాక్

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో, జూన్ నెలలో, కువైట్‌లోని ఎగైలాలో ఒక విల్లాకు నన్ను పంపారు. అప్పటికి నేను మిర్కాబ్‌లో ఆఫీసున్న ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. ఇళ్ల ఫిర్యాదులకు మామూలుగా టెక్నీషియన్లే వెళ్తారు. వాళ్లు వెళ్లి లోపం లేదని తిరిగొచ్చాక కూడా ఫిర్యాదు ఆగకపోతే సూపర్‌వైజర్ వెళ్లాలన్నది మా పద్ధతి. మాది అమలాపురం దగ్గర పల్లె. కరెంటు విషయంలో మనిషి మాటకన్నా మీటరు మాటే నమ్మే రకాన్ని నేను.

ఇంటాయన ఇంజనీరుగా రిటైరైన కువైటీ. పనివాళ్లంతా బాబా అనేవారు. బేస్‌మెంటులో సరదాకి ఒక చెక్కపని వర్క్‌షాపు పెట్టుకున్నాడు. అందులో ఇనుప బల్లకు బిగించిన రంపం, దాని కిందనుంచి రంపపుపొట్టు పీల్చే డస్ట్ కలెక్టరు ఉన్నాయి. డస్ట్ కలెక్టరంటే పెద్ద ఫ్యాను, దానికో సంచి, రంపం నుంచి అక్కడిదాకా ప్లంబర్లు వాడే తెల్ల పీవీసీ గొట్టం. ఆ గొట్టాలన్నీ ఆయన స్వయంగా బిగించుకున్నవే. వాటిని చూపించేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది.

షాక్ కొడుతోందన్నది మాత్రం ఆ ఇంటి డ్రైవరు రెడ్డెప్ప. రాయచోటి వైపు మనిషి. బాబా చెక్కను రంపంలోకి తోస్తుంటే అవతలి కొస పట్టుకోవడం కూడా అతని పనే. బాబాకు ఒక్కసారీ షాక్ కొట్టలేదు. పని తప్పించుకోవడానికి ఇదో వంక అని ఆయన తేల్చేశాడు. ఈసారీ లోపం లేదంటే ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, రెన్యూ చేయించనని, ఖలాస్, ఇక అయిపోయింది, ఊరికి పొమ్మని చెప్పేశాడట.

మెట్లు దిగుతుండగా రెడ్డెప్ప నాతో గొంతు తగ్గించి అన్నాడు: "నాకేం పని సార్, అబద్దం సెప్పేదానికి? కొడ్తే సెయ్యి ఎగిరి పడ్తాది. పక్కనే రంపం తిరగతా ఉంటాది. ఏళ్లు పోతే స్టీరింగు ఎట్ట పట్టుకునేది?"

షాక్ ఎంత చిన్నదైనా, ఉలిక్కిపడ్డ చెయ్యి ఎక్కడ పడుతుందన్నదే అసలు ప్రమాదం.

పనివాళ్లు మామా అని పిలిచే ఇంటావిడ ఎవరినీ బూట్లతో లోపలికి రానివ్వదు. నావి గుమ్మం దగ్గరే విప్పి, ఉత్త కాళ్లతో దిగాను. తీగల పైతొడుగులోంచి కరెంటు బయటికి కారుతోందేమో చూసే పరికరాన్ని మెగ్గర్ అంటాం. దానితో మోటారు పరీక్షించాను, బాగుంది. ఎర్తింగ్ చూశాను, బాగుంది. లీకేజీ ఉంటే సరఫరా ఆపేసే బ్రేకరు టెస్ట్ బటన్ నొక్కగానే సరిగ్గా పడిపోయింది. చివరికి మిషను నడిపించి, రెడ్డెప్ప నిలబడే చోటే నిలబడి, ఇటు గొట్టం మీద, అటు ఇనుప బల్ల మీద చేతులు పెట్టాను. ఏమీ లేదు.

బాబా చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. రెడ్డెప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. అంత భయం నటించడం ఎవరివల్లా కాదు. మరి నా మీటర్లన్నీ అతను అబద్ధమాడుతున్నాడనే అంటున్నాయి. నాకు చిరాకు, దాన్ని మించిన కుతూహలం.

అంతలో రెడ్డెప్ప నా కాళ్ల వంక చూసి కంగారుపడ్డాడు. వర్క్‌షాపు కోసమే ఉంచుకున్న తన రబ్బరు చెప్పులు విప్పి నా ముందు పెట్టాడు.

"కరెంటు కాడ ఉత్త కాళ్లతో ఉండగూడదు సార్. ఇవి ఏసుకోండి. మా ఊర్లో బోరు మోటరు స్టార్టరు ముట్టాలంటే సెప్పులుండాల్సిందే. నేనీడికొస్తే ఇవి ఇడిసేదే లేదు."

తన ఉద్యోగం ఊడేలా ఉంటే నా ప్రాణం గురించి ఆలోచిస్తున్నాడు! కాదనలేక తొడుక్కున్నాను. ఫ్యాను నడుస్తూనే ఉంది, బల్ల కింద పేరుకున్న పొట్టు గొట్టంలోకి పోతూనే ఉంది. గొట్టం పక్కనే నిలబడి ఆలోచిస్తుంటే కాసేపటికి ముంజేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. బల్ల మీద చెయ్యి వెయ్యబోయానో లేదో, టప్పుమని నిప్పురవ్వ!

"ఓరి నాయనోయ్!" అని ఎగిరి గంతేశాను. సూపర్‌వైజర్ హోదా ఎటు పోయిందో తెలియదు.

"సూసినారా సార్!" అన్నాడు రెడ్డెప్ప. నాకు దెబ్బ తగిలినందుకు అంత సంబరపడిన మనిషిని మళ్లీ చూడలేదు.

అది లైను కరెంటు కాదు, స్టాటిక్. ఎండు గాలిలో పొట్టు ప్లాస్టిక్ గొట్టాన్ని రాసుకుంటూ పరుగెడితే గొట్టం మీద చార్జి పేరుకుంటుంది. నైలాను చొక్కా విప్పేటప్పుడు చిటపటలాడేదీ ఇదే. ఆ చార్జి పక్కనున్న మనిషికీ చేరుతుంది. ఉత్త కాళ్లయితే ఎప్పటికప్పుడు సిమెంటు నేలలోకి దిగిపోతుంది. రబ్బరు చెప్పులు దిగనివ్వవు. ఒంట్లో నిలిచిపోయి, ఎర్త్ చేసిన ఇనుప బల్ల దగ్గరికి చెయ్యి రాగానే ఒక్కసారిగా దూకుతుంది. బాబా చెయ్యి ఎప్పుడూ బల్లకు ఆనే ఉంటుంది కాబట్టి ఆయన ఒంట్లో పేరుకునే వీలే లేదు. ఊళ్లో రెడ్డెప్ప ప్రాణం కాపాడిన అలవాటే ఇక్కడ అతని వేళ్ల మీదికి తెచ్చింది.

బాబాకు ఈ శాస్త్రమంతా తెలిసిందే, అయినా తల అడ్డంగా ఊపాడు. వాదించకుండా చెప్పులు ఆయన ముందుకు జరిపాను. తొడుక్కుని గొట్టం పక్కన నిలబడ్డాడు. కాసేపాగి బల్ల తాకాడు. "వల్లాహ్!" అని చెయ్యి వెనక్కి లాక్కుని, వేళ్ల వంకా, ఆగకుండా తిరుగుతున్న రంపం వంకా చూశాడు. మిషను ఆపాడు. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. రేపు సివిల్ ఐడీ తీసుకురా, ఇఖామా పని చూద్దాం అని మాత్రం రెడ్డెప్పతో అన్నాడు.

ఆ వారంలోనే రంపం దగ్గరి పీవీసీ తీయించి, ఏసీ డక్టులకు వాడే రేకు గొట్టం వేయించాను. ముక్కలన్నిటినీ రాగి తీగతో కలిపి ఎర్త్‌కు బిగించాం. ప్లాస్టిక్ గొట్టానికే తీగ చుడితే సరిపోదా అని బాబా అడిగాడు. చుట్టిన చోట కొంత తగ్గుతుంది గానీ, తక్కిన గొట్టం మీది చార్జి ప్లాస్టిక్ మీదుగా తీగదాకా చేరదని చెప్పాను. రెడ్డెప్పను మాత్రం చెప్పులు మానమనలేదు. స్టార్టరు దగ్గర అతని అలవాటే సరైనది.

ఆ రోజు మామా గుమ్మంలో బూట్లు విప్పించకపోతే నాకూ మొదటే షాక్ తగిలి ఉండేదేమో. రెడ్డెప్ప తన చెప్పులు ఇవ్వకపోతే మాత్రం లోపం లేదని నేనే రాసి, అతన్ని విమానం ఎక్కించి ఉండేవాణ్ణి. రిటైరయ్యేదాకా ఆ తర్వాత ఏ షాక్ ఫిర్యాదుకు వెళ్లినా, మెగ్గర్ పెట్టె తెరవకముందే ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: "షాక్ కొట్టినప్పుడు మీ కాళ్లకు ఏమున్నాయి?"