రేడియేటర్‌లో మిరియాల పొడి

ఆల్డెన్ స్కోగ్మోకి ఆ సోమవారం ఉదయం కాలు ఒకచోట నిలవలేదు. గ్యారేజిలోకి వెళ్ళడం, పాత ట్రక్కెక్కి హీటర్ ముందు చెయ్యి పెట్టడం, దిగి వంటింటి కిటికీ వైపు చూడడం, ఇదే పని. పదకొండింటికి బయల్దేరాలి. తొంభై మైళ్ళ అవతలి ఆస్పత్రిలో భార్య ఆర్డిస్‌కి డయాలిసిస్. వారానికి మూడుసార్లు, సోమ బుధ శుక్రవారాలు, పది నెలలుగా. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద ఉంది.

శుక్రవారం తిరిగొస్తూ ఆవిడ ఒక్క మాట అంది. "ఇంక నా వల్ల కాదు ఆల్డెన్. సోమవారమే ఆఖరు. నర్సుకి చెప్పేస్తాను."

ఎందుకని అడిగితే అలసిపోయానంది. మానేస్తే బతికేది రెండు మూడు వారాలే అని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అలసిపోయానంటున్నంతసేపూ ఆవిడ పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. అంతకుముందు ఆవిడ చలి అన్నప్పుడల్లా ఇంకో స్వెట్టర్ వేసుకోమనేవాడు. నిలువెల్లా దళసరి పొలం బట్టల్లో దూరి తిరిగే మనిషికి చలేం తెలుస్తుంది? శుక్రవారం నుంచి మాత్రం తిండీ నిద్రా మాని హీటర్ మీద పడ్డాడు. ఆ చలి ప్రాంతపు మగవాళ్ళంతా అంతే, పెళ్ళాంతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు బానెట్ ఎత్తుతారు.

థర్మోస్టాట్ మార్చాడు. చల్లగాలి తగలకుండా రేడియేటర్ ముందు అట్టముక్క పెట్టాడు. ఇంజన్ బాగానే వేడెక్కుతోంది. లోపలికొచ్చే గాలి మాత్రం గోరువెచ్చన కూడా కాదు.

తొమ్మిదింటికి పక్క పొలం వెర్లిన్ హాగ్‌స్టాడ్ వచ్చాడు.

"నా కారు తీసుకెళ్ళరా."

"వద్దు."

"తీసుకెళ్ళమంటున్నా కదా."

"వద్దులే."

రెండుసార్లు వద్దని మూడోసారి ఒప్పుకోవడం వాళ్ళ మర్యాద. వెర్లిన్ మూడోసారీ అడిగాడు. ఆల్డెన్ మూడోసారీ వద్దన్నాడు. వెర్లిన్ అతని మొహంలోకి చూసి, చేతి తొడుగులు విప్పాడు.

ఇంజన్ నుంచి హీటర్‌లోకి రెండు రబ్బరు గొట్టాలు వెళ్తాయి. వెర్లిన్ ఒకటి ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రెండోదాన్ని హాయిగా పట్టుకుని నిలబడ్డాడు.

"వేడినీళ్ళు లోపలికి పోతున్నాయి, బయటికి రావట్లేదు. లోపల పూడిపోయింది. ఏం పోశావు ఇందులో?"

"ఏమీ పొయ్యలేదు."

"నా దగ్గరా దాపరికం?"

ఆల్డెన్ నేల చూపులు చూశాడు. "జూలైలో రేడియేటర్ కారింది. కన్నం పూడుతుందని మిరియాల పొడి వేశాను. మా నాన్న వేసేవాడు."

"ఎంత?"

"డబ్బాడు."

"చెంచాడు వేస్తార్రా ఎవరైనా. సూపు కాచుకుందామనుకున్నావా?"

ఆల్డెన్‌కి నవ్వు రాలేదు. నవంబరు నుంచీ ఆవిణ్ణి చలిలో కూర్చోబెట్టింది తన చేతులే. ట్రక్కు అంచు పట్టుకున్నాడు.

ఇంజన్ ఆపి, గొట్టాలు రెండూ ఊడదీసి, గ్యారేజి కుళాయి నుంచి వెనకవైపుగా నీళ్ళు వదిలారు. హీటర్ నల్లటి మడ్డి కక్కింది. నీళ్ళు తేరేదాకా కడిగి, గొట్టాలు బిగించి, కొత్త కూలెంట్ పోసేసరికి పదకొండుకి పది నిమిషాలుంది. హీటర్ వెయ్యగానే వెర్లిన్ కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మింది.

పది మైళ్ళు పోయాక ఆర్డిస్ మఫ్లర్ తీసేసింది. తర్వాత చేతి తొడుగులు తీసి గాలికి వేళ్ళు చాపింది. ఆల్డెన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మిరియాల సంగతంతా చెప్పేశాడు.

ఆవిడ చాపిన వేళ్ళ వైపు చూసుకుంది.

"అయితే ఇన్నాళ్ళూ ఆ చలి ట్రక్కుదేనా?"

"ట్రక్కుదే."

"అది నా లోపల్నుంచి వస్తోందనుకున్నాను ఆల్డెన్. పోయే ముందు ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. నీకు చెప్తే భయపడతావని చెప్పలేదు."

ఇంకో మైలు పోయాక అతను అడిగాడు. "మరి నర్సుకి ఏం చెప్తావు?"

ఆర్డిస్ కళ్ళు తుడుచుకుంది.

"బుధవారం వస్తానని చెప్తాను," అంది, కోపంగానే.