చీమలే మా సాక్షులు

గల్ఫ్ యుద్ధం అయిపోయిన మరుసటేడు మావారు రియాద్‌లో రిటైరయ్యారు. దేశం వదిలి రావాల్సిన ఎగ్జిట్ వీసాకి ఇంకా కొన్ని నెలలు గడువుంది. యుద్ధానికి భయపడి వెళ్లిపోయిన ఆస్ట్రేలియా ఇంజనీరొకాయన, కారు వెనక తగిలించుకునే తన కారవాన్ మాకు వదిలేసిపోయాడు. సెలవులకు ఊరెళ్లే స్నేహితుల ఇళ్లకు కాపలా ఉంటూ, దాన్నేసుకుని ఊళ్లు తిరిగాం.

అలా రియాద్ దగ్గరి అల్ ఖర్జ్‌ ఊళ్లో ఒక డెయిరీ ఫారం మేనేజరు ఇంట్లో దిగాం. పొద్దున్నే అలవాటుకొద్దీ గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గేశాను. కాసేపటికి జీపులోంచి పోలీసు దిగాడు! తెల్లపొడితో ఎవరో చేతబడి చేశారని పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారట. అక్కడది చాలా పెద్ద నేరం. మావారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ముగ్గెయ్యకపోతే నీకు ముద్ద దిగదా?" అని నామీద విసుక్కుని, వచ్చీరాని అరబీలో "ఉత్త బియ్యప్పిండి సార్" అన్నారు. పోలీసు నమ్మలేదు. నాకు ఒళ్లు మండింది. ముగ్గు చివర వేలు పెట్టి చూపించాను. చీమలు బారుకట్టి పిండి మోసుకుపోతున్నాయి.

అతను గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"చీమలకు భోజనం పెట్టారా?" అన్నాడు. మావారు గబగబా తలూపారు.

అతను నవ్వేశాడు. టీకి రమ్మంటే, బూటు ముగ్గుకు తగలకుండా పెద్ద అంగ వేసి లోపలికొచ్చాడు.

ఇప్పుడు విశాఖలో మా అపార్ట్‌మెంటు గుమ్మం ముందు నేనేసే ముగ్గును అందరూ చెప్పులతో తొక్కుకుంటూ పోతారు. ఆ అల్ ఖర్జ్ పోలీసును రప్పించి వీళ్లకు నడక నేర్పించాలనిపిస్తుంది.