పద్నాలుగో పేరు

కమ్మింగ్ ఊళ్లో మా పార్కుకి వాకింగ్‌కి వచ్చే ఆడవాళ్లలో చేతిలో రూల్ బుక్కు పట్టుకుని నడిచేది జ్ఞానప్రసూన ఒక్కతే. మిగతావాళ్లం కోడళ్ల గురించి మాట్లాడుకుంటూ నడుస్తాం. ఆవిడ సాఫ్ట్‌బాల్ నిబంధనలు చదువుకుంటూ నడుస్తుంది. తెనాలి కోర్టులో ముప్పై రెండేళ్లు బెంచి క్లర్కుగా చేసి, రిటైరయ్యాక కూతురు శ్రీవిద్య దగ్గరికి ఈ దేశం వచ్చేసిన మనిషి. అచ్చులో ఏది కనిపించినా చివరి లైను దాకా చదవందే వదలదు, మందు సీసా మీది చీటీ అయినా సరే.

మా ఆయన భాస్కరరావు అరవై దాటినవాళ్ల సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడతారు. ఆడతారంటే, కొడతారు. పరుగెత్తడానికి మోకాళ్లు ఒప్పుకోవు. ఆ ఆటలో బంతి కొట్టినవాళ్లు మైదానంలో మూలమూలనా పెట్టిన మూడు బేస్‌లూ చుట్టి, మొదలుపెట్టిన హోమ్ ప్లేట్ దగ్గరికే తిరిగొస్తే ఒక రన్. మా లీగ్‌వాళ్లు పెద్దవాళ్ల మీద దయతలచి ఒక వెసులుబాటు పెట్టారు. సొంత కాళ్లతో ఒక బేస్ చేరితే చాలు, అక్కణ్ణుంచి మన బదులు ఇంకొకరిని పరుగెత్తించుకోవచ్చు. అదే లేకపోతే మా ఆయన సోఫాలో కూర్చుని నా కూరలకి వంకలు పెడుతూ ఉండేవారు. అందుకే ఆ రూలు పెట్టినవాళ్లు పదికాలాలు చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకుంటాను.

ఆడామగా కలిసి ఆడే లీగ్ అది. రెండేళ్ల కిందట మనుషులు చాలక జ్ఞానప్రసూన పేరు జాబితాలో పద్నాలుగోదిగా రాశారు. "ఊరికే, పేరుకే లెండి" అన్నారు. అప్పట్నుంచీ ఆవిడ బెంచీ మీద కూర్చుని స్కోరు పుస్తకం రాస్తోంది. గ్రౌండ్‌లోకి రమ్మని ఒక్కరూ అనలేదు. కానీ పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు, ఆవిడ ఒక్కతే ఆ బేస్‌ల చుట్టూ పరుగెత్తేది. ఒకరోజు నాకు దొరికిపోయింది.

"ఎందుకే ఈ దొంగ పరుగులు? ఆడతానని వాళ్లనే అడగొచ్చుగా?"

"అరవై ఆరేళ్లొచ్చాక ఏమని అడగను మీనాక్షీ? నవ్విపోతారు. ఒక్కసారి నిజం గేమ్‌లో పరుగెత్తాలనుందే. ఎవరితోనూ అనబోకు."

నేను అనలేదు. కడుపులో దాచుకోవడం నాకెంత కష్టమో ఆ దేవుడికే తెలుసు.

మొన్న మే నెలలో సీజన్ చివరి ఆట, అందులోనూ చివరి ఇన్నింగ్స్, మాదే ఆఖరి బ్యాటింగ్. మా కెప్టెన్ కేశవరావు గారు కొట్టి ఒక బేస్ చేరితే, ఆయన బదులు విశ్వనాథ్ పరుగెత్తి రన్ తెచ్చాడు. స్కోర్లు సమానమయ్యాయి. విశ్వనాథ్ మా జట్టులో కుర్రాడు, అరవై ఒకటే. తర్వాత ఇద్దరు అవుటయ్యారు. అప్పుడు మా ఆయన కొట్టిన బంతి కంచె దాకా పోయింది. ఇంకొకరైతే చుట్టేసి వచ్చేవారు. ఈయన కుంటుకుంటూ రెండో బేస్ చేరి, నడుం పట్టుకుని నిలబడ్డారు. అలవాటుగా విశ్వనాథే ఆయన బదులు వెళ్లి నిలుచున్నాడు. మనవాళ్లందరూ సందుల్లో క్రికెట్ ఆడి పెరిగినవాళ్లాయె. అక్కడ కాలు బాగున్నవాడు ఒక్కడే కుంటివాళ్లందరికీ పరుగెత్తేవాడు.

బంతి వేయబోతుండగా జ్ఞానప్రసూన లేచి చెయ్యెత్తింది. "టైమ్ ప్లీజ్! విశ్వనాథ్ గారు ఈ ఇన్నింగ్స్‌లో ఒకసారి రన్నర్‌గా వెళ్లొచ్చారు. ఒక మనిషికి ఇన్నింగ్స్‌కి ఒక్కసారే!" అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పింది.

కేశవరావు గారు తల పట్టుకున్నారు. "వాళ్లే అడగలేదు కదమ్మా, మీకెందుకు? సొంత టీమ్‌నే ముంచేశారు!"

నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు మండింది.

అంపైర్ డోనా రూల్ బుక్కు తీసింది. "పదకొండో రూలు, అడుగున చిన్నక్షరాల్లో" అని జ్ఞానప్రసూన పేజీ చూడకుండానే చెప్పింది. తర్వాతి బంతి పడకముందే తప్పు బయటపడితే మనిషిని మార్చుకోవచ్చు. పడ్డాక బయటపడితే రన్నర్ అవుట్. అంటే మూడో అవుట్, మా బ్యాటింగ్ అక్కడికి సరి. అవతలి జట్టు మేనేజర్ టెడ్ చేతిలో అదే పేజీ ఉంది, పసుపు గీత కూడా గీసి ఉంది. "ఇంకొక్క బంతి పడనిచ్చి అడుగుదామనుకున్నాను" అని పెద్దగా నవ్వేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని తప్పింది.

"మరిప్పుడు ఎవరు పరుగెత్తుతారు?" అంది డోనా. బ్యాటింగ్ వంతు దగ్గరపడకుండా ఖాళీగా ఉన్నది పద్మనాభం గారొక్కరే. ఆయన మా ఆయనకంటే నెమ్మది.

ఇక ఆగలేకపోయాను. "లిస్టులో పద్నాలుగో పేరెవరిదండీ?" అని అరిచాను.

జ్ఞానప్రసూన నన్ను కొరకొరా చూసింది. "స్కోరు రాసే ఆవిడా?" అన్నారు కేశవరావు గారు. డోనా జాబితా చూసింది. పేరుంటే చాలు, ఎవరైనా పరుగెత్తవచ్చంది. ఇంతలో, ఇంకా బేస్ పక్కనే నడుం పట్టుకుని ఉన్న మా ఆయన కేకేశారు. "ప్రసూన గారూ, త్వరగా రండి! నేనిక నిలబడలేను!"

ఆవిడ పెన్నుకి మూత పెట్టి, పుస్తకం నా ఒళ్లో పడేసి, చున్నీ నడుముకి బిగించి వెళ్లింది. విశ్వనాథ్ చప్పట్లు కొడుతూ పక్కకి తప్పుకున్నాడు.

తర్వాత బ్యాట్ పట్టిన మా జెర్రీ కొట్టిన బంతి అవతలివాళ్లిద్దరి మధ్యనుంచి దూసుకుపోయింది. జ్ఞానప్రసూన కదిలింది. కోర్టులో బంట్రోతు పిలిచినట్టు నేను మూడుసార్లు గొంతు చించుకుని పిలిచాను. "జ్ఞానప్రసూనా! జ్ఞానప్రసూనా! జ్ఞానప్రసూనా!" మూడో బేస్ దాటింది. అవతల బంతి విసిరారు. ఆవిడ రెండు కాళ్లూ హోమ్ ప్లేట్ మీద పెట్టి నిలబడ్డాక గానీ బంతి రాలేదు. అవుట్ కాలేదన్నట్టు డోనా రెండు చేతులూ బారజాపింది. మేం గెలిచాం! కేశవరావు గారే ముందుగా వెళ్లి ఆవిడకి దణ్ణం పెట్టారు. నేను ఏడ్చాను, సిగ్గేముంది?

ఎగరడాలూ అరవడాలూ అయ్యాక ఆవిడ రొప్పుతూ వచ్చి పుస్తకం తీసుకుంది. రన్నర్ పేరు రాయాల్సిన గడి దగ్గర ఆగిపోయింది. మా ఆయన కుంటుకుంటూ వచ్చారు.

"పెన్నిటివ్వండి. మీ కేసులో మీరే క్లర్కయితే ఎట్టా?" అని, ఆ గడి పట్టక పక్క గడిలోకి కూడా పోయేంత పెద్ద అక్షరాలతో ఆవిడ పేరు రాశారు.

జ్ఞానప్రసూన కళ్లు తుడుచుకుంది. "చదివి వినిపించండి" అంది.

ఆయన చదివి వినిపించారు. కోర్టులో వాంగ్మూలమిచ్చిన సాక్షిలా, సరిగ్గానే ఉందని ఒప్పుకుని, ఆవిడ కింద సంతకం పెట్టింది.