ఎడమచేతి అన్నం

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఉంచి కసరత్తులు చేయించారు. "బాగు కావాలంటే ఎడమచేత్తో ఆయన్నే తిననియ్యమ్మా" అని కసరత్తులు నేర్పే అమ్మాయి రోజూ చెప్పేది. నేను వింటేనా! ఎడమచేత్తో అన్నం ముట్టడమేమిటని ముద్దలు కలిపి నేనే పెట్టేదాన్ని.

ఒకరోజు క్యారియర్ పట్టుకుని అమీర్‌పేటలో బస్సెక్కితే నిలబడడానికే చోటు లేదు. కిటికీ పక్కన కూర్చున్న ఒకాయన నా చేతిలోని క్యారియర్ అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. నా స్టాపు రాగానే ఎడమచేత్తో తిరిగి అందించాడు.

"అన్నం గిన్నె అన్నా, కుడిచేత్తో ఇయ్యరాదా?" అన్నాను, పదిమందికీ వినపడేలా.

"తప్పయిందక్కా, జర ఆగు" అని ఆయన క్యారియర్‌ను మళ్లీ ఒళ్లో పెట్టుకుని, తన కుడిచెయ్యిని ఎడమచేత్తో ఎత్తి క్యారియర్ పిడి మీద పెట్టుకున్నాడు. ముడుచుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటే విప్పి పిడికి చుట్టాడు.

"జల్ది దిగమ్మా, బస్సేమన్న నీ ఒక్కదానిదా?" అని కండక్టరమ్మ కేకేసింది.

చప్పున అందుకుంటే సరిపోయేది. ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. ఆ చెయ్యి వణుకుతూ నా దాకా వచ్చింది.

"ఏమనుకోకక్కా, గీ చెయ్యి నా మాటనే వింటలేదు" అని ఆయనే నవ్వాడు. తప్పు నాదని ఒక్క మాటైనా అనకుండా దిగిపోయాను.

ఆ మధ్యాహ్నం కంచం మా ఆయన ముందు పెట్టి ఊరికే కూర్చున్నాను. ఆయన ఎడమచెయ్యి అన్నం దాకా వెళ్లి ఆగింది.

"ఏమనవు గదా?" అని అడిగాడు.